తొట్టిలో బరువు

పొరుగింటి క్లావా నోటికి గడియ లేదు. రష్యాలోని ఇర్బిత్ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆవేళ కంచె మీద మోచేతులు ఆనించి ఆమె అన్న మాట రిమ్మాకి ముల్లులా దిగింది.

"ముప్పై ఏళ్ళుగా నీ మొగుడు నిన్ను మోటారుసైకిల్ పక్కతొట్టిలో ఊరేగిస్తున్నాడని మురిసిపోతావు గానీ, ఖాళీ తొట్టి కుడి మలుపులో గాల్లోకి లేస్తుందని నీకు తెలీదుటే? ఫ్యాక్టరీలో ఇసుక మూట, ఇంటికొస్తే నువ్వు!"

రిమ్మా నవ్వేసింది. లోపలికొచ్చాక మాత్రం తరగబోయిన క్యాబేజీని పక్కన పెట్టేసింది. అబద్ధమైతే దులిపేసుకోవచ్చు. ఇది నిజమాయె! ఆమె మొగుడు వేన్యా కర్మాగారంలో కొత్త బండ్లు నడిపి చూసేవాడు. తొట్టిలో ఇసుక మూట పెట్టుకోనిదే గేటు దాటేవాడు కాదు.

ఆ కర్మాగారం యుద్ధకాలంలో మాస్కో నుంచి రైలెక్కి వచ్చి, పాత బీరు బట్టీలో దిగింది. రిమ్మా తల్లి అక్కడే చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఫిరంగుల మధ్యకు పోయే బండ్లకు తొట్లు బిగించింది. యుద్ధమయ్యాక అవే తొట్లలోకి బంగాళాదుంపలు, దూడలు, పెళ్ళికూతుళ్ళు ఎక్కారు. రిమ్మా కూడా అలాగే అత్తారింటికి వచ్చింది. ఇప్పుడు సగం షెడ్లకు తాళాలు పడ్డాయి. తయారయ్యే నాలుగు బండ్లూ సముద్రాలు దాటిపోతున్నాయి. వేన్యా ఆకుపచ్చ 'ఉరల్' మోటారుసైకిల్ మాత్రం నీలం రంగు పూసుకుని ఇంకా గుడగుడలాడుతోంది.

"ఎక్కవే, పుట్టగొడుగులకి పోదాం" అన్నాడు మర్నాడు పొద్దున్నే.

"నేను రాను. ఏ దుంపల మూటో వేసుకుని పో."

అతను బండెక్కి ఒక్కడే వెళ్ళిపోయాడు. మూట వేసుకోలేదు. వీధి చివర కుడి మలుపు. ముసలాడు బోల్తా కొడతాడేమో! రిమ్మా గేటు దగ్గరికి పరుగెత్తింది. బండి వేగం తగ్గకుండానే తిరిగింది. తొట్టి చక్రం నేలను వదల్లేదు.

అతను తిరిగొచ్చి బండి దిగగానే ఆమె తొట్టిలో సీటు ఎత్తింది, కింది పలక లాగింది. అడుగున రైలుపట్టా ముక్క, నాలుగు బోల్టులతో బిగించి ఉంది. నీలం పెచ్చులూడిన చోట బోల్టుల మీద ఆకుపచ్చ రంగు. బండి కొత్తలో ఉన్న రంగు.

"ఏంటయ్యా ఇది?"

"పట్టా ముక్క."

"కళ్ళున్నాయిలే నాకు! ఎప్పుడు బిగించావు?"

"పెళ్ళైన వారానికి. మలుపులో చక్రం లేచి నువ్వు కెవ్వుమన్లా? అప్పుడు చీపురుపుల్లలా ఉండేదానివి. నీ బరువు ఏ మూలకి?"

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు లాక్కెళ్ళావు?"

వేన్యా టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నువ్వు లేకపోతే దారిపొడుగునా నన్నెవరు తిడతారే? ఇవాళ అడవి దాకా పోయొచ్చా. 'నెమ్మదిగా పో' అన్నవాళ్ళు లేరు. అస్సలు బాలేదు." సగం కూడా నిండని బుట్ట చూపించాడు.

రిమ్మాకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "ముప్పై ఏళ్ళు ఇనుము మీద కూర్చోబెట్టావా పాపిష్టోడా! అందుకేనా నా నడుం ఇలా తగలడింది!" అంటూ కొంగులేని గౌను మీద కట్టుకున్న ఏప్రాన్‌తో కళ్ళొత్తుకుంది.

మర్నాడు అతను పిలవకముందే తొట్టిలో ఎక్కి కూర్చుంది. క్లావా కంచె పక్కనుంచి పోతున్నంతసేపూ మొగుణ్ణి గొంతెత్తి తిడుతూనే ఉంది.