డెల్ఫీ తుపాకి కొలత

ఆ ఏడు వానల్లేవు. మొక్కజొన్న మోకాలెత్తుకు రాకుండానే ఎండింది. నవంబరు నాటికి ఇంట్లో మిగిలింది అర బస్తా పిండి, ఒక డబ్బా చిక్కుడు గింజలు. తినే నోళ్లు నాలుగు. నేను, నా కూతురు వెస్టా, దాని ఇద్దరు పిల్లలు. వెస్టా మొగుడు వేసవికి ముందే బొగ్గుగని కప్పు కూలి చనిపోయాడు. తర్వాత గని కూడా మూశారు. మా కెంటకీ కొండల్లో అడిగితే పెట్టే ఇల్లు మిగల్లేదు. ఒకటుంది. ఆ గడప నేను తొక్కను.

ఉన్న ఆశల్లా బర్ల్ టాకెట్ కోడె మీదే. శనివారం వాడి పొలంలో ఆ కోడె మాంసానికి గురి పందెం. మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకులతోనే కాల్చాలి. నిలబడి, అరవై గజాల నుంచి, మూడు దెబ్బలు. కాల్చి నల్లబరిచిన పలక మీద కత్తితో ఇంటూ గుర్తు గీస్తారు. గుండు ఆ గుర్తుకు ఎంత దూరంలో దిగిందో దారంతో కొలుస్తారు. మూడు దెబ్బల దారమూ కలిపి ఎవరిది పొట్టిదో వాళ్లది మొదటి వాటా. కోడెకు ఆరు వాటాలు. తోలూ కొవ్వూ ఒకటి, వెనక తొడలు రెండు, ముందు జబ్బలు రెండు. ఆరోది మాంసం కాదు. పలకల వెనక చెట్టులో దిగబడ్డ సీసం.

నాకు ఒక్క జబ్బ చాలు. ఉప్పు పట్టించి వేలాడదీస్తే ఫిబ్రవరి దాకా పిల్లలు నిలబడతారు. ఉన్న రెండు పెట్టల్నీ బర్ల్‌కి ఇచ్చి మూడు దెబ్బలకు పేరు రాయించాను. నా పేరు కాదు. నా కుడికంటికి పొర కమ్మింది. వెస్టా పేరు.

వెస్టాకు తల్లి గురి వచ్చింది. తల్లి ఒడ్డూ పొడుగే వచ్చింది. నా భుజం దాటదు, ఎండుపుల్లలా ఉంటుంది. నా తుపాకి పదమూడు పౌన్లు. ఎత్తి పట్టుకునేసరికి దాని నడుము వెనక్కి వంగింది, మూడు అంకెలు లెక్కపెట్టే లోపు గొట్టం నేలకు వాలింది.

"నాన్నా, దీన్ని నేను మోయడం కాదు, ఇదే నన్ను ఈడ్చుకుపోతోంది."

"నోరు మూసుకుని మళ్లీ ఎత్తు."

మళ్లీ ఎత్తింది. మళ్లీ వాలింది. తుపాకి మడమ, అంటే భుజానికి ఆనే చెక్క, వెస్టా మోచేతి వంపులో ఆనించి చూశాను. వేలు ట్రిగ్గర్ దగ్గరికి రావాలి. రెండంగుళాలు తక్కువైంది. మడమ కోసేస్తే వేలు అందుతుంది, బరువు తగ్గదు.

పక్కింటి హోబర్ట్ దగ్గర ఒక తేలిక తుపాకి ఉంది. గొట్టం పగిలితే జానెడు కోసేసి వాడుకుంటున్నాడు. తెచ్చాను. వెస్టా సునాయాసంగా ఎత్తింది. బరువంతా మడమలోనే ఉంది. ముందు వైపు ఏమీ లేక గొట్టం చివర గాలికి రెల్లులా ఊగింది.

"ఇది బాగుంది నాన్నా, తేలిగ్గా ఉంది."

"తేలికైతే చాలా? ఎటు చూస్తోందో చూడు."

కావలసింది నాకు తెలుసు. మడమ పొట్టిగా ఉండాలి. గొట్టం పొడుగ్గానే ఉండాలి, పలచగా ఉండాలి. బరువు ఎడమ అరచేతి మీద కొంచెం ముందుకు తూగాలి. అలాంటి తుపాకి ఈ లోయలో ఒక్కటే ఉంది. మా మామగారు తన కూతురు డెల్ఫీ కొలతకు చేసింది. డెల్ఫీ నా భార్య.

పన్నెండేళ్ల కిందటి జ్వరాల్లో డెల్ఫీ పడింది. డాక్టరు కోసం ఆమె తమ్ముడు ఏసాను కంచరగాడిద అడిగాను. కాలు కుంటుతోందన్నాడు. మర్నాడు అదే గాడిద మూట మోసుకుంటూ మిల్లుకు పోవడం నేను చూశాను. మూడో రోజు డెల్ఫీ పోయింది. పాతిపెట్టిన సాయంత్రమే ఏసా వచ్చి, మా నాన్న చేసింది మా ఇంట్లో ఉండాలని గోడ మీది తుపాకి, మందు కొమ్ము, సంచీ తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి వాడితో మాట లేదు.

శుక్రవారం సాయంత్రం దాకా వెళ్లలేదు. చిన్న మనవరాలు ఖాళీ గిన్నె నాకడం చూసి లేచాను.

ఏసా వాకిట్లో కట్టెలు చీలుస్తున్నాడు. "ఈ మెట్లెక్కడానికి పన్నెండేళ్లు పట్టిందా బావా?"

"డెల్ఫీ తుపాకి కావాలి. రేపటికి. మళ్లీ తెచ్చి పడేస్తా."

"లోపలికి రా. గింజలు ఉడికాయి, పంది ముక్క కూడా వేశాను. తిని మాట్లాడదాం."

"నీ కూడు కోసం రాలేదు."

లోపలికి పోయి తెచ్చాడు. చెక్క నిగనిగలాడుతోంది. "ఏడాదికి రెండుసార్లు నూనె పెడతా. అక్క బుగ్గ ఆనిన చోటు ఇంకా నల్లగానే ఉంది, చూడు."

"గాడిద కాలు బాగైందా?" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. తుపాకీ, దానికి సరిపడే మూడు గుండ్లూ నా చేతిలో పెట్టాడు. నేను తిరిగి నడిచాను.

"బావా, ఆగు! దాని కొలత మరిచావు!"

నాకు వినబడింది. మందు కొలిచి పోసే దుప్పికొమ్ము గురించి అంటున్నాడు. ప్రతి తుపాకికీ దాని గొట్టానికి సరిపడా కొమ్ము తొలిచి కొలత చేస్తారు. ఒకదాని కొలత ఇంకోదానికి పనికిరాదు. పసిపిల్లలకు తెలిసిన సంగతి. నేను వెనక్కి తిరగలేదు.

నా కొమ్ములో మూడు దెబ్బలకు సరిపడే మందే ఉంది. పరీక్షకు కాల్చి చూసే వీలు లేదు.

శనివారం పొలం నిండా జనం. బర్ల్ వెస్టాను చూసి నవ్వాడు. "ఏం పెద్దాయనా, పందేనికి పిచ్చుకను పట్టుకొచ్చావు?"

"పిచ్చుక నీ కోడెను తింటుందిలే బర్ల్ బాబాయ్," అంది వెస్టా. అందరూ నవ్వారు. ఏసా కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు నవ్వలేదు.

నా కొలతతోనే పోశాను, కాస్త వెలితిగా. ఎంత వెలితో నా కంటికి ఆనలేదు.

"బాగా తంతుందా నాన్నా?"

తేలిక తుపాకి ఎక్కువ తంతుంది. నాకు తెలుసు. "తన్నదు," అన్నాను.

తుపాకి పేలింది. గొట్టం ఆకాశానికి లేచింది. వెస్టా రెండడుగులు వెనక్కి తూలి కూర్చుండిపోయింది. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. పలక మీద గుండు జాడ లేదు. పలక పైనుంచి, చెట్టు పైనుంచి పోయింది. తగలని దెబ్బకు పలక సగం వెడల్పు దారం లెక్క కడతారు.

కంచె దగ్గర ఏసా చెయ్యి చాచాడు. అరచేతిలో చిన్న దుప్పికొమ్ము. అక్కణ్ణుంచి నా దాకా పది అడుగులు. అడిగితే ఇస్తాడు. అడగలేదు. నా కొలతలో సగం అనుకుని గొట్టంలో పోశాను.

రెండో దెబ్బకు తుపాకి పేలకముందే వెస్టా కళ్లు మూసుకుంది. గుండు గుర్తుకు నాలుగు వేళ్ల కింద దిగింది.

వెస్టా పెదవి తుడుచుకుంది. నా వైపు చూడలేదు. నేరుగా కంచె దగ్గరికి పోయింది.

"మామయ్యా, అమ్మ కొలత ఇయ్యి."

"తీసుకో తల్లీ. అంచుకు సమంగా తల కొట్టి పొయ్యి, ఒక్క రవ్వ ఎక్కువొద్దు."

తనే పోసుకుంది. తనే గుండు దట్టించుకుంది. ఊపిరి బిగబట్టి నిలబడితే నాకు పన్నెండేళ్ల కిందటి మనిషి కనబడింది. గుండు ఇంటూ గుర్తు మధ్యలో దిగింది. దానికి దారం అక్కర్లేకపోయింది. జనం టోపీలు ఎగరేశారు.

మూడు దెబ్బల దారమూ కలిపి బర్ల్ అందరివీ పక్కపక్కన పరిచాడు. వెస్టాది ఆరోది. ఐదో దానికంటే రెండు వేళ్లు పొడుగు.

"సీసం మీదే పెద్దాయనా," అన్నాడు బర్ల్. ఈసారి నవ్వలేదు.

వెస్టా తుపాకి తుడిచి ఏసాకు ఇచ్చింది. వాళ్లిద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"రేపు పిల్లల్ని తీసుకుని మామయ్య ఇంటికి పోతున్నా. ఎండలు ముదిరేదాకా అక్కడే. నువ్వూ రా నాన్నా. రమ్మన్నాడు."

"నేను రాను."

"తెలుసు," అంది.

జనం పోయాక గొడ్డలి తీసుకుని చెట్టు చీల్చాను. సీసం ముద్దలు ఒక్కొక్కటే ఊడబెరికి టోపీలో వేశాను. డెల్ఫీ తుపాకి గుండు చిన్నది, బఠాణీ గింజంత. చేతికి ఇట్టే తెలుస్తుంది. ఒకటి దొరికింది. రెండోది దొరికింది. చీకటి పడేదాకా చీలుస్తూనే ఉన్నాను. మొదటిది ఆ చెట్టులో లేదు.