తెల్లకణాల మీది తీపి

నేను ఒక చక్కెరను. మీ టీలో పడేదాన్ని కాను. చల్లని సముద్రాల్లో పెరిగే గోధుమరంగు నాచు నుంచి నన్ను తీసి, ఫ్యూకోజ్ అని పేరు పెట్టి, తెల్లటి పొడిగా సీసాలో నింపారు. మీ ఒంట్లోనూ నేను కొద్దికొద్దిగా ఉంటాను. తీపితో పని నాలుకకే అనుకునే మీకు ఆ సంగతి పట్టదు.

చేతులు మారి మారి అనకాపల్లిలో పిల్లల డాక్టరు సుభాషిణి గారి బల్ల మీదికి వచ్చాను. ఎదురుగా రవణమ్మ, ఆమె ఒడిలో మూడేళ్ల కూతురు మంగవేణి, పక్కన అత్త పైడమ్మ. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు జ్వరాలు, చెవిపోట్లు, మానని పుళ్లు.

"పాప రక్తంలో తెల్లకణాలు దండిగా ఉన్నాయి. కానీ పుండు దగ్గరికి వెళ్లడం లేదు" అన్నారు డాక్టరు. "ఎక్కడ ఆగాలో రక్తనాళం గోడే చెబుతుంది. కణం మీద ఈ చక్కెర ఉంటేనే ఆ గోడను పట్టుకోగలదు. పాప కణాలకు అది అతకడం లేదు. తాగించి చూద్దాం. అందరికీ పనిచెయ్యదు, ముందే చెబుతున్నాను."

పైడమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "బెల్లం ఊర్లో పుట్టిన పిల్లకి పంచదార మందేటమ్మా?"

"అన్నీ సూసేం కదత్తా. ఇదీ సూద్దాం" అంది రవణమ్మ.

రోజూ నన్ను నీళ్లలో కలిపి తాగించేవారు. మంగవేణి గిన్నె అడుగు కూడా నాకేసేది. నేను రక్తంలో కలిసి ఎముకల మూలుగ దాకా పోయాను. అక్కడ పుడుతున్న తెల్లకణాలు నన్ను ఒంటికి అంటించుకుని బయలుదేరాయి.

కొన్ని వారాలకు పిల్ల తొడ మీద సెగగడ్డ లేచింది. తెల్లారేసరికి దాని మొన పసుపుపచ్చగా మారింది. ముగ్గురూ ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తారు.

"సీము పట్టీసిందమ్మా" అంది పైడమ్మ.

డాక్టరు గడ్డను చాలాసేపు చూశారు. "ఇంతకుముందెప్పుడైనా చీము పట్టిందా?"

"నేదండి. ఎర్రగా, గట్టిగా ఉండిపోయీది" అంది రవణమ్మ.

"చీమంటే చాలామటుకు పోరాడి చచ్చిన తెల్లకణాలేనమ్మా. అవి వచ్చాయి. మొదటిసారి వచ్చాయి."

రవణమ్మ గోడవారనున్న బెంచీ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"సీముకి సంతోసించడం ఇప్పుడే సూస్తన్నాను" అంటూ పైడమ్మ కళ్లు తుడుచుకుంది.

గడ్డ పగిలింది. డాక్టరు దూదితో తుడిచారు. చచ్చిన కణాలతో పాటు నేనూ ఆ దూదికి అంటుకుని చెత్తడబ్బాలో పడ్డాను. అక్కడి నుంచి వింటూనే ఉన్నాను. కట్టు కట్టించుకున్న మంగవేణి ఆకలేస్తోందని గొడవ చేస్తోంది.