మద్దిలేటికి రెండుసార్లు మత్తు

నేను ఒక పాత కంప్యూటర్ని. ఏ ఫ్యాక్టరీలో బిగించారో ఇక్కడెవరికీ అక్కర్లేదు, నేను మాత్రం ఎందుకు చెప్పుకోవాలి? ఈ పెద్దాసుపత్రికి వచ్చిన కొత్తలో ఓపీ చీట్ల కౌంటర్లో పెట్టారు. రోగుల తిట్లు నాకు, జీతం గుమాస్తాకు. నెమ్మదించానని మూలన పడేస్తే, మత్తు డాక్టర్ల పెద్ద ఓబులేసు సారు దుమ్ము దులిపి థియేటర్ పక్కగదికి తెచ్చుకున్నాడు.

నాలో ఒక బొమ్మ రోగిని ఎక్కించాడు. పీల్చే మత్తుమందు చక్రం ఎంత తిప్పితే, ఆక్సిజన్ ఎంత వదిలితే, ఆ మందు ఊపిరితిత్తుల్లోంచి మెదడుకి ఎంతసేపటికి చేరుతుందో, దానికి గుండె ఎలా కొట్టుకుంటుందో గీతలు గీసి చూపిస్తాను. చంపినా కేసుండదు. చదువుకున్నవాళ్ళకి ఇంతకంటే మంచి రోగి ఎక్కడ దొరుకుతాడు?

కాలాన్ని పరిగెత్తించే మీట కూడా ఒకటుంది నాలో. మందు ఎక్కేదాకా కూర్చునే ఓపిక కుర్ర డాక్టర్లకి లేదు. నొక్కుతారు, పావుగంట రెప్పపాటులో అయిపోతుంది. అందరికంటే ఎక్కువ నొక్కింది నఫీసా. తెలివైన పిల్ల, ఆమె గీతలకి వంక పెట్టలేం. నాకే లోపల గుబులు. ఎదురుచూడ్డం ఈ పిల్లకి ఎవరు నేర్పుతారు?

ఆమె చేతికి మొదటిసారి కేసు వదిలిన రోజు, పిత్తాశయం ఆపరేషనుకి మద్దిలేటి అనే బేల్దారి మేస్త్రీని తెచ్చారు. థియేటర్ వైపు తలుపు తీసే ఉంది, నాకంతా కనబడుతోంది.

"మేడం, నడిమధ్యలో మెలకువ రాదు గదా?"

"రాదులే పెద్దాయనా, నేనుండా గదా."

సూదిమందుతో నిద్రపుచ్చి, పీల్చే మందు మొదలుపెట్టింది. నా దగ్గర చేసినట్టే ఆక్సిజన్ బాగా తగ్గించింది. మందుని మోసుకెళ్ళేది ఆ గాలే కాబట్టి, అలా తగ్గిస్తే మందు నిదానంగా ఎక్కుతుంది, ఆగాలి. మద్దిలేటి నాడి పరుగెత్తింది, కంటి కొసన నీరు ఊరింది, మత్తు ఇంకా అందలేదని. అక్కడ నొక్కడానికి మీట ఏది? చక్రం తిప్పింది. చాల్లేదనుకుని ఇంకా తిప్పింది. చివరికి ఆక్సిజన్ కూడా పెంచేసింది. అంత మందూ ఒక్కసారిగా లోపలికి పోయింది.

గుండె మిషను బీప్ బీప్ మనే చప్పుడు మెల్లబడింది. ఒకటి వినబడ్డాక రెండోది వస్తుందో రాదో తెలియలేదు నాకు.

"ఏందమ్మా ఆ తిప్పుడు? యెనకాల ఎవురన్నా తరుముకొస్తాండారా?" గోడకానుకుని ఉన్న ఓబులేసు సారు ఒక్క ఉదుటున వచ్చి మందు కట్టేశాడు. ఆక్సిజన్ నిండా వదిలి, సూది వేశాడు. చప్పుడు తడబడి, తడబడి, దారిలో పడింది.

అన్నీ ముగిశాక మద్దిలేటి కళ్ళు తెరిచి, "ఎప్పుడు మొదలుపెడతారు మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. నఫీసా నవ్వలేదు.

సారు ఆమెని నేరుగా నా ముందు కూర్చోబెట్టాడు. "మద్దిలేటి వయసు, బరువు కొట్టు. ఇందాక చేసిందంతా మళ్ళా చెయ్. ఈసారి నేను అడ్డం రాను. ఆ పరుగు మీట ముట్టొద్దు."

చేసింది. కాలం దాని నడకన అది నడిచింది. గుండె గీత దిగడం మొదలుపెట్టింది.

"సార్, మందు ఆపుతా."

"ఊహూ. చూడు."

"సార్, ఆయప్ప..."

"చూడమంటి గదమ్మా."

నాకూ ఆపాలనే ఉంది. కానీ లెక్క తప్పి గీయడం నాకు చేతకాదు. గీత చదునైంది. ఇన్నేళ్ళలో ఎందరినో చంపాను, పేరున్న మనిషి ఇతనొక్కడే.

అవతల వార్డులోంచి మద్దిలేటి గొంతు వినబడింది. "మేడం, నోరెండిపోతాంది, గుక్కెడు నీళ్ళన్నా ఇయ్యరా?"

నఫీసా కుర్చీ వెనక్కి తోసి అటు పరుగెత్తింది. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ చదును గీతనే గీస్తూ ఉండిపోయాను.