తెగిన పోగు దగ్గర

మూడోసారి పోగు తెగేసరికి అరుణజ్యోతికి ఒళ్లు మండింది. ఇంకా వాకిట్లోకి ఎండే రాలేదు, అప్పుడే మూడుసార్లా! గంజి సరిగ్గా పట్టించకుండా పడుగు దారాలు ఇచ్చి పంపిన మేస్త్రీని నోరారా తిట్టుకుంటూ, మగ్గం గుంటలో కూర్చున్నచోటి నుంచే ముందుకు వంగి తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పింది. ముడి పడింది. ఆ వేళ్ల చివర చర్మం ఏనాడో అరిగి నున్నబడిపోయింది. రేషను బండి దగ్గర మిషను మీద ఎన్నిసార్లు వేలు నొక్కినా ఈమె ఎవరో దానికి తెలియదు. ప్రతి నెలా అదే తంతు.

పోగు తెగితే నేసేవాళ్ల చెయ్యి దానంతటదే ఆగుతుంది. తెగినదాని మీద, నేతను బిగించే అచ్చు కొడితే గుడ్డలో గీత పడుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గీత పోదు. మోచేతి మీద ఒకటిచ్చి మరీ అమ్మ నేర్పిన సంగతి ఇది. ఇల్లు అంటుకున్నా సరే, ముందు ముడి వెయ్యాలి, ఆ తర్వాతే పరుగైనా ఏదైనా.

పక్క గదిలో టంగుమని చప్పుడయింది. మంచం ఇనుప పట్టీ మీద చెంచా దెబ్బ.

"వస్తాండా, వస్తాండా. చేతిలో ముడి ఉండాది."

చెంచా మళ్లీ మోగింది.

"ఏమ్రా, రెక్కలు కట్టుకుని రావల్నా?"

మంచం మీద ఉన్నది తమ్ముడు హరినాథ్. గొంతులో పుండు లేచి, కర్నూల్లో ఆపరేషన్ చేసి గొంతులోపలిదంతా తీసేశారు. ఇప్పుడు మెడలో ఒక రంధ్రం, దాని మీద తడిగుడ్డ. మాట లేదు. భార్య ఎప్పుడో విడిచిపెట్టి పోయింది. ఆదోనిలో ఒక లాడ్జిలో తాళాలు అందిస్తూ బతుకుతున్న మనిషిని అక్కే పోయి తెచ్చుకుంది. ఆమెకూ మొగుడు పోయి ఏళ్లయింది, పిల్లల్లేరు. "ఇద్దురికీ ఒక పొయ్యి చాలు" అని చుట్టాల నోళ్లు మూయించింది. వాడి చేతికి ఆ చెంచా ఇచ్చిందీ ఆమే. మగ్గం చప్పుళ్లో వాడు సైగ చేస్తే ఎవరికి కనబడుతుంది?

అంబలి పలచగా కలిపి, ముక్కులోని సన్నగొట్టం గుండా కొంచెం కొంచెంగా పోసింది. హరినాథ్ కళ్లు మూసుకున్నాడు. ఊపిరి రంధ్రంలోంచి గరగరమంటూ వస్తోంది. నిన్నటికంటే ఈరోజు ఇంకా లోతుగా ఉంది ఆ గరగర. ఆమె రంధ్రం మీది గుడ్డ తీసి మళ్లీ తడిపి వేసింది.

అప్పుడే పక్కింటి సుంకమ్మ వాళ్ల ఫోన్లోంచి పాట లేచింది.

"ఎవరొచ్చినారే వాకిట్లోకి..."

అక్కడ పాట ఆగింది. తాళం ఆగింది. సుంకమ్మ ఇంట్లో పిల్లలు కూడా ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారని అరుణజ్యోతికి తెలుసు. ఇప్పుడు అదే ఆట. ఆ ఆగుడులో కదలకూడదు. మళ్లీ తాళం ఎత్తుకోగానే అందరూ ఒక్కసారిగా అరవాలి.

"ఎండకు ఎండిన మబ్బొచ్చెనే!"

హరినాథ్ కళ్లు తెరవకుండానే నవ్వాడు. వాడికి పద్నాలుగేళ్లప్పటి గొంతే అది. ఈ గదిలో లేని గొంతు పక్కింట్లో కేరింతలు కొడుతోంది. అరుణజ్యోతి గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఒకప్పుడు ఆ పాట లేని బస్సు లేదు. కోసిగి నుంచి ఆలూరు దాకా ఏ సంతలో చూసినా "ఓబుళేశు అండ్ ఫ్యామిలీ" క్యాసెట్టే. ఓబుళేశు వాళ్ల నాయన. హార్మోనియం ఆయనది, పాట హరినాథ్‌ది, వెనక వంతపాట చిన్న చెల్లెలు నాగలతది. ఆదోని క్యాసెట్టు షాపాయన టేపు మిషను పట్టుకుని ఇంటికే వచ్చిన రోజున డోలు వాయించేవాడు రాకుండా ఎగ్గొట్టాడు. నాయన నెత్తి గోక్కుని, "మనింట్లో డోలుకేం కరువు? జ్యోతీ, మగ్గంలో కూకో" అన్నాడు. పదహారేళ్ల అరుణజ్యోతి గుంటలో దిగింది. కాళ్లు పలకలు తొక్కుతుంటే, ఒక చెయ్యి దారపు కండె ఉన్న నాడెను అటూ ఇటూ ఉరికిస్తుంటే, ఇంకో చెయ్యి అచ్చు కొడుతుంటే పాటకు తాళం అమిరింది. చెప్పొద్దూ, ఏ డోలూ అట్లా మోగదు.

అంతా బాగా సాగుతుండగా, "వాకిట్లోకి" దగ్గర పోగు తెగింది. ఆమె ఆగింది. పాట నడుస్తోందనీ, టేపు తిరుగుతోందనీ, నాయన కళ్లు ఉరుముతున్నాయనీ తెలుసు. కానీ చెయ్యి ఎట్లా కొడుతుంది? వంగి ముడి వేసింది. హరినాథ్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ముడి పడి అచ్చు మళ్లీ పడగానే, ఆ దెబ్బ మీదనే పైస్థాయిలో అందుకున్నాడు. మళ్లీ పాడిద్దామా అన్నాడు షాపాయన. "టేపు ఊరికే వస్తాదా, వదిలెయ్యప్పా" అన్నాడు నాయన.

ఆ ఆగుడుకే జనం పడి చచ్చిపోయారు. బస్సుల్లో డ్రైవర్లు హారను ఆపి ఎదురుచూసేవాళ్లట.

క్యాసెట్టు అట్ట మీద బొమ్మలో ముగ్గురున్నారు. "గుంటలో ఉండేదాన్ని ఫొటో ఎట్ల తీస్తారు?" అన్నాడు నాయన. ఆయన అన్నది నిజమే. అప్పుడామెకు బాధ కూడా అనిపించలేదు. కోసిగి జాతరలో మైకు ముందు ఎవరో అడిగితే హరినాథ్ ఛాతీ తట్టుకుని, "ఆ ఆగుడు నేనే కట్టిన" అన్నాడు. జనంలో నిలబడి ఉన్న అరుణజ్యోతి నవ్వుకుంది. దొంగనాయాలు, ఎంత చక్కగా అబద్ధమాడినాడు అనుకుంది. తర్వాత ప్రతి ఊళ్లోనూ అదే మాట. పెళ్లిపందిళ్లలో అదే మాట. నాయన పోయాక, క్యాసెట్లు పోయాక, లాడ్జి కౌంటరులో కూర్చుని తాగినప్పుడు కూడా అదే మాటేనట.

నవ్వు ఎప్పుడు ముల్లయిందో ఆమెకే తెలియదు. ఆస్తి అడగలేదు, పేరు అడగలేదు. ఒక్క మనిషి ముందర, ఒక్కసారి, "అది మా అక్కది" అని వాడు ఒప్పుకుంటే చాలు. ఇద్దరిలో ఎవరో ఒకరు పోయేలోపల. ఈ గరగర వింటుంటే అది ఎవరో ఆమెకు అర్థమవుతూనే ఉంది. అయినా నోరు తెరిచి అడగదు. అడిగి చెప్పించుకుంటే అదేం మాట?

ఎండ బాగా ఎక్కాక జయపాల్ వచ్చాడు. పాత పాటల గురించి ఫోన్లో వీడియోలు పెట్టే కర్నూలు పిల్లోడు. వారం ముందే ఫోన్ చేసి రమ్మనిపించుకున్నాడు. మంచానికి ఎదురుగా మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, దాని నెత్తిన ఫోన్ బిగించాడు.

"అన్నా, మాట్లాడలేకపోయినా ఫరవాలేదు. నేనడుగుతాను, మీరు సైగ చెయ్యండి. అక్కా, మీరూ ఈడ కూర్చోరాదూ?"

"నాకేం పనప్పా మీ దాంట్లో. మజ్జిగ తెస్తా" అని అరుణజ్యోతి లోపలికి వెళ్లింది. వెళ్లిందే గానీ చెవులు అక్కడే వదిలిపెట్టింది.

"అందరూ అడిగేది ఇదేనన్నా. వాకిట్లోకి అన్న తర్వాత ఆ గ్యాపు. అది ఎవరి ఐడియా?"

మజ్జిగ చిలుకుతున్న చెయ్యి ఆగిపోయింది. బయట చప్పుడు లేదు. ఊపిరి గరగర మాత్రం వినబడుతోంది. చాలాసేపటికి జయపాల్ గొంతు, "ఓహో! ఓహో! సూపరన్నా!"

గ్లాసుతో వచ్చేసరికి హరినాథ్ చెయ్యి ఛాతీ మీద ఉంది. అదే చెయ్యి, అదే ఛాతీ. కోసిగిలో ఎట్లా తట్టుకున్నాడో అట్లాగే. గొంతు పోయినా ఆ అబద్ధం మాత్రం పోలేదు వీడికి! ఆమె గ్లాసు జయపాల్ చేతిలో పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కోపంతో వచ్చినవి.

"అక్కా, మగ్గం ఒక్కసారి చూపిస్తారా? అన్న..."

"చూసేదానికి ఏముండాదప్పా దాంట్లో? కట్టెలు, దారాలు. బస్సుకు పొద్దుపోతాది, నువ్వు బయలుదేరు."

పాపం, ఆ పిల్లోడు మజ్జిగ కూడా సగమే తాగి, స్టాండు మడుచుకుని పోయాడు.

హరినాథ్ చెంచాతో పట్టీ మీద కొట్టాడు. ఆమె తిరిగి చూడలేదు. మళ్లీ కొట్టాడు. చూస్తే, వేలితో మగ్గం గది గోడకేసి చూపిస్తున్నాడు.

"పోతాలే. నువ్వు జెప్పల్నా? నేను నేయకుంటే నీకు అంబలి యాడ నుంచి వస్తాది?"

అనకూడని మాట. అంటున్నప్పుడే తెలిసింది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు, కాదు కాదు అన్నట్టు. ఆమె గుంటలో దిగేసింది.

కాసేపు నేసింది. గోడ అవతల చెంచా మొదలైంది. ఇది పిలుపు కాదు. నెమ్మదిగా, అందీ అందని బలంతో, పాట తాళం. ఆమె పళ్లు బిగించి కావాలనే దానికి అడ్డంగా నేసింది. చెంచా వదల్లేదు. తాళం తప్పినచోట ఆగి, మళ్లీ మొదటి నుంచి. చిన్నప్పుడూ ఇంతే, పంతం పడితే అన్నం కూడా తినడు.

ఆమెకు తెలియకుండానే కాళ్లు దారికొచ్చాయి. మనసు మాట వినకపోయినా కాళ్లు ఎన్నడో నేర్చిన పని మరిచిపోవు. మగ్గమూ చెంచా ఒక్కటయ్యాయి. ఎన్నడూ పాడనిది, ఆమె పెదవుల కిందనే పాడుకుంది. జొన్నచేను మీద గాలి, సంతలో గాజులు, చరణం తర్వాత చరణం. కోపం ఎటుపోయిందో. నాయన హార్మోనియం తిత్తి దుమ్ము వాసన కూడా వచ్చినట్టయింది.

ఎవరొచ్చినారే వాకిట్లోకి...

పోగు తెగలేదు. అయినా చెయ్యి ఆగింది. గోడ అవతల చెంచా కూడా ఆగింది.

ఎప్పుడైనా మగ్గమే ముందు ఎత్తుకోవాలి, ఆ దెబ్బ మీదనే వాడు అందుకోవాలి. అరుణజ్యోతి అచ్చు మీద చెయ్యి పెట్టి, కొట్టబోయి, ఆగింది. నీదే కదా ఈ ఆగుడు? ఊరూరా చెప్పుకున్నావు కదా? అయితే నువ్వే ఎత్తుకో, చూస్తాను.

ఎదురుచూసింది. పక్క వీధిలో పవర్‌లూమ్‌లు దడదడమంటున్నాయి. వాకిట్లో ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. మొండోడు, అనుకుని నవ్వు కూడా వచ్చింది. నేనూ వాని అక్కనే, నాకు లేదా మొండితనం? నాడె చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది. పంతం ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. గరగర వినబడటం లేదని మాత్రం ఉన్నట్టుండి తెలిసింది.

"హరీ?"

గుంటలోంచి లేచి పోయింది. హరినాథ్ గోడవైపు తిరిగి ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. రంధ్రం మీది తడిగుడ్డ కదలడం లేదు.

సాయంత్రానికి వాకిలి నిండింది. సుంకమ్మే అందరికీ కబురు పెట్టింది. బళ్లారి నుంచి నాగలత బయలుదేరింది. జయపాల్ ఇంకా ఆదోని బస్టాండులోనే ఉన్నాడట, ఫోన్ చేస్తే వెనక్కి వచ్చేశాడు. జనంలో సందు చేసుకుని వచ్చి అరుణజ్యోతి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నేను అడిగినప్పుడు బాగానే ఉండె గదక్కా. మిమ్మల్ని మగ్గంలో కూర్చోబెట్టి వీడియో తియ్యమని సైగ చేసినాడు. అందుకే మగ్గం చూపియ్యమంటి."

ఆమె తల ఎత్తింది. "ఏం జేసినాడు?"

జయపాల్ ఫోన్ తీసి చూపించాడు. అద్దం మీద హరినాథ్, బక్కచిక్కిన చెయ్యి లేపి, వంటింటి వైపు చూపించాడు, మజ్జిగ కోసం ఆమె పోయినవైపు. తర్వాత మగ్గం గది గోడను చూపించాడు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఒక్క మెలి తిప్పాడు. ఆయాసం ఆగక చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"ఈ వేళ్లు ఎందుకట్ల తిప్పినాడో నాకు అర్థం కాలేదక్కా."

అరుణజ్యోతి తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ముడి వేసినట్టు మెలి తిప్పి చూసుకుంది. "నేను కొట్టాల్సిండె" అంది. "వాడు కాసుకోని ఉంటాడు. నేనే ముందు కొట్టాల్సిండె." ఆ మాటే మళ్లీ మళ్లీ అంటూ ఏడ్చింది. వాకిట్లోని వాళ్లెవరికీ అది ఏమిటో తెలియలేదు.

మనిషిని కిందికి దించాక ఖాళీ అయిన మంచం మీద, ఇనుప పట్టీకి కొట్టీ కొట్టీ ఒక అంచు నొక్కుకుపోయిన చెంచా మిగిలింది.