ఒక్క గోడ పని

బకెట్‌లోని తెల్లరంగులో పసుపు చుక్కలు వేసి, కర్రతో అడుగంటా కలిపాడు మేస్త్రీ. బొటనవేలు ముంచి పాతగోడ మీద అద్ది, రెండడుగులు వెనక్కి జరిగి, తల వాల్చి చూశాడు. ఇంకా తెల్లగానే ఉంది. మరో నాలుగు చుక్కలు వేసి మళ్ళీ అద్దాడు. ఊహూఁ, చాలదు.

ఊళ్ళో రంగులేసేవాళ్ళకు కొదవలేదు. అయినా ఈ ఇంటి టీచరమ్మ పదహారేళ్ళుగా ఈయన్నే పిలుస్తోందంటే ఆ కంటి కోసమే. దుకాణంలో మిషను కలిపిన రంగు ఆయన ముట్టడు. పాతగోడకు మాసిక వేస్తే, ఎక్కడ వేశాడో ఇంటివాళ్ళు వెతుక్కోవాల్సిందే. నా కన్ను తప్పిన రోజే నిచ్చెన దిగిపోతానని తోటివాళ్ళ దగ్గర కోతలు కోసేవాడు.

ఈసారి పని ఒక్క గోడే. పైపు కారి, ముందుగదిలో వెనకగోడ పెచ్చులూడింది. చెమ్మ ఆరేదాకా నెల్లాళ్ళు ఆగి, లప్పం పెట్టి, నిన్ననే గీకి నున్నగా చేశాడు. మిగతా మూడూ చెక్కుచెదరలేదు. వాటిలో కలిసిపోతే చాలు.

ఏడాదిగా ఆయనకు లోకమంతా సాయంత్రపు ఎండలో ఉన్నట్టే కనిపిస్తోంది. వయసు మీదపడితే అందరికీ అంతేలే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి గోడంతా వేసేశాడు. భార్య క్యారేజీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవయ్యా, ఇదేం వేషం? ఆ మూడూ మీగడలా ఉంటే, ఇదొక్కటీ గుడ్డు పచ్చసొన పూసినట్టుంది. కొత్త ఫ్యాషనా?"

మేస్త్రీ నవ్వబోయి ఆగాడు. ఆమెకు రంగుల సంగతి ఓనమాలు తెలియవు. అబద్ధమాడాల్సిన అవసరమూ లేదు. రెండు గోడలు కలిసే మూలకు వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. అటూ ఇటూ ఒక్కటే.

మాటలు విని టీచరమ్మ లోపల్నించి వచ్చింది. గోడను చూసింది. ఆయన ముఖం చూసింది.

"నేనే వెయ్యమన్నానమ్మా," అంది ఆయన భార్యతో. "ఎన్నాళ్ళని ఆ పాతరంగు? నాలుగు గోడలూ ఇదే వేస్తాడు."

"అలాగా. బానే ఉంటుందిలెండి, గదికి వెలుగొస్తుంది," అని ఆమె క్యారేజీ దింపి వెళ్ళిపోయింది.

టీచరమ్మ ఆ మాట ఎన్నడూ అనలేదు. మాయని గోడ మీద బ్రష్షు పెట్టనిచ్చే మనిషే కాదు. పోయినసారి తలుపుకు రెండో కోటు ఎందుకని గంటసేపు వాదించింది. పిల్లల రాతలో కొమ్ము తప్పినా ఊరుకోని మనిషి తన కోసం అబద్ధమాడింది. మేస్త్రీ క్యారేజీ విప్పి, ముట్టకుండానే మూత పెట్టేశాడు. తిట్టి ఉంటే తినేవాడేమో.

"అమ్మా, ఎంత తేడాగా ఉంది?"

"కొంచెం."

"మీకు అబద్ధాలు చేతకావులెండి."

ఆమె కిటికీకేసి చూసింది. "చాలా, మేస్త్రీ. కళ్ళు చూపించుకోరాదూ? ఈ రోజుల్లో శుక్లాల ఆపరేషనంటే ఎంతసేపు? నయమయ్యాక వంటగది వేద్దువుగాని."

ఆయన మనసులో లెక్కేసుకున్నాడు. ఈ ఏడాది పదకొండు ఇళ్ళకు రంగులేశాడు. ఒక్కరూ మళ్ళీ పిలవలేదు. వాళ్ళకు తీరిక లేదనుకున్నాడు.

"చూపించుకుంటానమ్మా. చూపొస్తుంది, కాదన్ను. వచ్చాక ఈ ఏడాది వేసిన ఆ గోడలన్నీ చూడాలిగా."

లేచి రోలరు అందుకున్నాడు. పొద్దువాలేసరికి నాలుగు గోడలూ ఒక్క రంగుకొచ్చాయి. అంచుల్లో ఎక్కడా వణుకు లేదు. నేల మీద చుక్క పడలేదు.

టీచరమ్మ టీ పట్టుకుని వచ్చేసరికి గది ఖాళీగా ఉంది. ఏ ఇంట్లోనూ ఆయన మిగిలిన రంగు వదిలి వెళ్ళేవాడు కాదు. "మీకెందుకమ్మా, మచ్చ పడితే నేను లేనూ?" అని వెంట పట్టుకుపోయేవాడు. ఇప్పుడు తలుపు మూల ఒక చిన్న డబ్బా ఉంది. చుట్టూ కొట్టి మూత గట్టిగా బిగించి ఉంది. ఆ మూత మీద, లోపలున్న రంగేదో తెలిసేలా, బొటనవేలితో అద్దిన పసుపుపచ్చటి ముద్ర ఇంకా తడిగానే ఉంది.