అందించని మాట

నాటక సమాజంలో అందరూ అతన్ని గుసగుస అనే పిలిచేవారు. అసలు పేరు అతని టైలరింగ్ షాపు బోర్డు మీద ఉంది గానీ, బోర్డు చదివి మరీ పిలిచే ఓపిక ఎవరికుంది? తెర పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వేషగాళ్లు మాట మరిచిపోతే చాటునుంచి అందించడం అతని పని. అదేం చిన్నాచితకా పని కాదు లెండి, దానికో ఒడుపుంది. ముందుగా అందిస్తే వేషగాడికి ఒళ్లు మండుతుంది, ఆలస్యమైతే జనం నవ్వుతారు. మొదటి ముక్క ఒక్కటే ఇవ్వాలి, అదీ అవతలివాడు ఊపిరి పీల్చుకునే సందులో ఇవ్వాలి. అలా ఇచ్చీ ఇచ్చీ నాటకం మొత్తం, రాణిగారి ఏడుపుతో సహా, అతనికి కంఠతా వచ్చేసింది.

నాటకం పాతకాలపుది. కాలేజీల్లో పాఠంగా కూడా చెబుతారు. రాజుగారు ప్రాణంగా నమ్మిన మంత్రి సింహాసనం మీద ఆశపడి, శత్రువుల కోసం కోట తలుపు గడియ తీస్తాడు. చివరి అంకంలో రాజు "గడియ తీసిందెవరు?" అని అడుగుతాడు. "ప్రభూ, గడియ తీసిన చెయ్యి ఇదే. మీరు నమ్మి పట్టుకున్న చెయ్యీ ఇదే" అంటాడు మంత్రి. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది ఆ ఒక్క మాట కోసమే.

మంత్రి వేషం ఎప్పుడూ బావదే. బావంటే గుసగుసకు సొంత అక్క మొగుడు. రంగుల దుకాణం నడిపే మనిషి. నిలువెత్తు విగ్రహం, గొంతు విప్పితే వెనక వరసలో కునికేవాళ్లు కూడా లేచి కూర్చోవాల్సిందే. కానీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయి, ఎడమ చెవి కాస్త తెర వైపు వంచేవాడు. గుసగుస "ప్రభూ, గడియ" అని అందించేవాడు. ఆ ఆగడం చూసి జనం, అబ్బా, పశ్చాత్తాపం అంటే అదీ అని ముక్కున వేలేసుకునేవారు. చప్పట్లన్నీ బావకి పోయేవి. అందించినవాడికి మిగిలేది స్టూలు.

ఇదంతా ఏళ్ల తరబడి చూసీ చూసీ గుసగుసకు ఒక కోరిక పుట్టింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ మాట తను దీపాల వెలుగులో నిలబడి గట్టిగా అనాలి. మంత్రి తొడుక్కునే పట్టు అంగీ కుట్టింది తనేనాయె. షాపులో ఎవరూ లేనప్పుడు అది తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగేవాడు. అంత కోరిక ఉన్నవాడు నోరు విడిచి అడగొచ్చు కదా! అడగడే. బావ ఏమనుకుంటాడో, అక్క ఏమంటుందోనని నీళ్లు నమిలేవాడు.

నాటకం ఆడించే లెక్చరరమ్మ ఒకరోజు రిహార్సల్లో మంత్రి సంగతి వివరించింది. "మంత్రి దుర్మార్గుడు కాదండీ. వాడికి ఆశ ఉంది, అడిగే ధైర్యం లేదు. అలాంటి ఆశ ఎప్పుడూ దొడ్డిదారి వెతుక్కుంటుంది" అంది. గుసగుస బుద్ధిగా తలూపాడు. ఎవరి గురించో చెబుతోందనుకున్నాడు, పాపం!

ఆ మధ్యాహ్నమే జరిగింది అది. సమాజం పెద్దలంతా ముందు వరసలో కూర్చున్నారు. రాజు అడిగాడు. బావ ఆగాడు, ఎడమ చెవి వంచాడు. గుసగుస నోటి దాకా వచ్చిన మాటని గుటుక్కున మింగేశాడు.

బావ గొంతు సవరించుకున్నాడు, మళ్లీ చెవి వంచాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. అప్పుడు తలతిప్పి తెర పక్కకి చూశాడు. గుసగుస తేలు కుట్టిన దొంగలా పుస్తకంలోకి తల దూర్చేశాడు.

"రావట్లేదమ్మా" అన్నాడు బావ చివరికి. "వయసు మీదపడింది. ఇంక నా వల్ల కాదు గానీ, మా బావమరిదికి ఇవ్వండి. వాడికి మొత్తం నోటికొచ్చు."

"మరి అందించేదెవరండీ?" అంది లెక్చరరమ్మ.

"నేను కూర్చుంటాలెండి" అన్నాడు బావ, అదేమంత గొప్ప సంగతా అన్నట్టు.

ఇంత సులువుగా దొరుకుతుందని గుసగుస కలలో కూడా అనుకోలేదు. సంతోషంతో ఎగిరి గంతేయాల్సిన మనిషి, ఇంటికెళ్లి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. బావకి తెలిసిపోయిందా? తెలిస్తే తిట్టేవాడే. తిట్టలేదు కాబట్టి తెలియలేదు. తెలియలేదు కాబట్టి తను తప్పించుకున్నట్టే. అలా అని ఎంత సర్ది చెప్పుకున్నా ముద్ద దిగలేదు.

ఇక రిహార్సళ్లు చూడాలి! మంత్రిగారు గొంతెత్తితే గుసగుసే తప్ప మాట రాదు. అలవాటైపోయిందాయె. అంతకంటే ఘోరం ఇంకోటుంది. రాజు కాస్త ఆలోచిస్తూ ఆగితే చాలు, మంత్రి ఠక్కున రాజు మాట అందించేసేవాడు. రాణి ఏడుపుకి ముందే తను ఏడ్చేవాడు.

"ఏమండీ, నాటకమంతా మీరొక్కరే ఆడతారా, మమ్మల్ని ఇంటికెళ్లమంటారా?" అంది లెక్చరరమ్మ. అందరూ పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది బావే. నవ్వాక పక్కకి తీసుకెళ్లి, "పొట్టలోంచి లాగరా మాటని. కోటలో ఉన్నావు, కొట్లో కాదు" అని ఓపిగ్గా నేర్పాడు. నేర్పేకొద్దీ గుసగుస ముడుచుకుపోయాడు.

ఆట రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. అక్క ముందు వరసలోనే ఉంది. చెప్పొద్దూ, గుసగుస బాగా చేశాడు. గొంతు పలికింది, అంగీ మెరిసింది, రాజు మాటలు రాజుకే వదిలేశాడు. చివరి అంకం వచ్చింది. రాజు దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "గడియ తీసిందెవరు?" అన్నాడు.

ఆ చెయ్యి పడగానే గుసగుసకు ఒళ్లు చల్లబడింది. మాట పోయింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగల మాట, పచ్చి వెలక్కాయ గొంతుకి అడ్డం పడ్డట్టు పైకి రాలేదు. అయిపోయింది, నా పాపం పండింది అనుకున్నాడు. తను మింగేసిన మాటని బావ మాత్రం ఎందుకు అందిస్తాడు?

"ప్రభూ, గడియ."

సరిగ్గా ఊపిరి పీల్చే సందులో పడింది మాట. గుసగుస తెర పక్కకి చూశాడు. బావ నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. పుస్తకం ఎక్కడో వెనక కుర్చీలో పడి ఉంది. బావ దానివంక చూడనైనా చూడట్లేదు, తన మొహంలోకే చూస్తున్నాడు. అంటే ఆ మాట బావకి వచ్చు. ఆ రోజూ వచ్చు!

గుసగుసకు కళ్లనీళ్లు తిరిగాయి. "ప్రభూ, గడియ తీసిన చెయ్యి ఇదే" అన్నాడు. మిగతా సగం బావ వైపు తిరిగి అన్నాడు. వెనక వరస దాకా వినపడింది. ఆగకుండా చప్పట్లు కొట్టారు జనం.

తెర పడ్డాక, వేషాలు తీసే గదిలో ఇద్దరే మిగిలారు. మొహాన రంగు తుడుచుకోకుండానే గుసగుస అడిగాడు. "బావా, నీకా మాట వచ్చు కదూ?"

"ఇన్నేళ్లు అన్నాక రాకేంరా? నువ్వు అందిస్తే అనడం అలవాటు, అంతే."

"మరి ఆ రోజు ఎందుకు అనలేదు?"

"మాట అందించేవాడివి నువ్వే నోరు కట్టేసుకున్నావు. నీకేదో కావాల్సొచ్చింది అనుకున్నా. నీ మొహం చూస్తే ఏం కావాలో అర్థమైంది. ఇచ్చేశా."

గుసగుస తల దించుకున్నాడు. "అడగడానికి సిగ్గేసింది బావా."

"ఓహో! దొంగతనానికి సిగ్గెయ్యలేదేం?"

బావ నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సిన చోటే తగిలింది. గుసగుస చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. మొహాన వేసుకున్న రంగంతా కారి పట్టు అంగీ మీద పడింది.

"నన్ను క్షమించు బావా."

"అది నువ్వడక్కుండానే అయిపోయిందిలే. నోరు విప్పావు కాబట్టి ఇంకేదైనా అడుగు."

గుసగుస ముక్కు చీదుకున్నాడు. తర్వాత బావ కళ్లలోకి చూసి, పక్క గదిలోవాళ్లు కూడా తొంగిచూసేంత గట్టిగా అన్నాడు. "వచ్చే ఆటకి కూడా మంత్రి వేషం నేనే వేస్తా బావా!"

బావ పకపకా నవ్వి, "వెయ్యరా, ఎవడొద్దన్నాడు!" అంటూ వాడి మొహం తుడవడానికి తువ్వాలు అందుకున్నాడు.