బీరువాలో బాలింత

సూయున్ బిడ్డను కన్నది గానీ, కన్న బిడ్డను ఇంతవరకూ ఎత్తుకోలేదు.

రెండు కడుపులు పోయాక మూడోది నిలిచింది. దాన్ని నిలబెట్టుకోవడానికి మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టించుకుని, కాళ్ళు పైకీ తల కిందికీ పెట్టి నెలల తరబడి గబ్బిలంలా బతికింది. ఆఖరికి ఒళ్ళంతా నీరు పట్టి, రక్తపోటు పైకెగసి, నెలలు నిండకుండానే పొట్ట కోసి బిడ్డను తీశారు. ఇక్కడ తల్లికి సీసా మీద సీసా రక్తం ఎక్కిస్తుంటే, అక్కడ బత్తాయంత ఆడపిల్లను అద్దాల పెట్టెలో పెట్టారు. తెలివొచ్చాక చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి, "అదిగో, ఆ మూల పెట్టె" అని కిటికీ అవతల నుంచి చూపించారు. వెలుగు అద్దం మీద పడి సూయున్‌కు తన ముఖమే కనబడింది.

తర్వాత తల్లిని ఇంటికి పంపేశారు, పిల్ల అక్కడే ఉండిపోయింది.

ఇంటి దగ్గర అత్త గ్వేజెన్ రాజ్యం. నెల తిరిగేదాకా బాలింత గడప దాటకూడదు, తల తడపకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, ఏడవకూడదు. ఏడిస్తే కళ్ళు పోతాయి, గాలి తగిలితే కీళ్ళు పోతాయి. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కి, కిటికీలకు దుప్పట్లు మేకులేసి కొట్టింది గ్వేజెన్. ఒకసారి లోపలికి వచ్చిన ఈగ మళ్ళీ బయటికి పోయే దారి దొరక్క అక్కడే ముసలిదై చచ్చిపోయింది. పొద్దున బియ్యపు సారాలో ఉడికిన గుడ్లు, మధ్యాహ్నం అల్లం దట్టించిన కోడి పులుసు, సాయంత్రం మళ్ళీ గుడ్లు. సూయున్ పాలు పిండి సీసాలో పోస్తే, మొగుడు దాయోంగ్ తన మూడు చక్రాల మోటారు బండిలో తను అమ్మే టోఫు పళ్ళేల పక్కన పెట్టుకుని టౌనుకు పట్టుకెళ్ళేవాడు.

ఒక ఉదయం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పసిపిల్లల వార్డు చూసే నర్సు థాన్.

"మీ పిల్ల బరువు పెరగట్లేదు. తల్లిని పంపండి. బట్ట అడ్డం లేకుండా గుండెల మీద పడుకోబెట్టుకుంటే ఊపిరి కుదురుకుంటుంది. మూడింటికి తలుపు తీసి, వచ్చినవాళ్ళను పిలిచి, మూసేస్తాం. మళ్ళీ తియ్యం."

సూయున్ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?" అంది గ్వేజెన్.

"నా పిల్ల దగ్గరికి, అత్తయ్యా."

"ఈ గాలిలోనా? నా మోకాళ్ళు చూశావా? నీ మొగుణ్ణి కన్న వారానికే మా అత్త నన్ను వరి కోతకు తోలింది. ఊళ్ళో అందరికంటే ముందు వాన సంగతి వీటికే తెలుస్తుంది. నీకూ ఇలాంటివే కావాలా?"

"కావాలి. మోకాళ్ళు పోతే పోనియ్యండి."

"పోయాక అనవు ఆ మాట."

"అయితే గాలి లేని దారిలో తీసుకెళ్ళండి నన్ను."

కోపంలో అన్న మాటే అది. కానీ గ్వేజెన్ దాన్ని కోపంగా తీసుకోలేదు, పనిగా తీసుకుంది. గదంతా ఒకసారి కలియజూసింది. ఆమె చూపు పెళ్ళినాటి కర్పూరం చెక్క బీరువా మీద ఆగింది.

"బట్టలు బయటికి తియ్యి," అంది కొడుకుతో.

దాయోంగ్ బట్టలన్నీ తీసి మంచం మీద పోశాడు. ఆ తర్వాత, "పడుకోబెట్టి తీసుకెళ్దామా, ఊగకుండా ఉంటుంది," అన్నాడు.

"నోర్ముయ్. చూసేవాళ్ళు శవపేటిక అనుకుంటారు. నిలబెట్టే తీసుకెళ్ళాలి."

లోపల పీట వేశారు, దిండు పెట్టారు. సూయున్ చేతిలో రెండు ఉడికిన గుడ్లు పెట్టింది అత్త.

"మరి ఊపిరి?" అంది సూయున్.

"కీలు దగ్గర సందుంది. ఊపిరికి సరిపోతుంది, గాలికి సరిపోదు."

తలుపు మూసి చుట్టూ తాళ్ళు బిగించారు. బండి బయల్దేరింది. తల్లీ కొడుకులు ముందు, కోడలు వెనక నిలువునా.

సంత కూడలి దగ్గర బండి ఆగితే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి చెక్క మీద వేళ్ళతో కొట్టి చూశాడు. "మంచి చెక్కే. ఎంతకిస్తావు?"

"అమ్మం," అంది బీరువా.

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాయోంగ్ సిగ్గుపడుతూ, "మా ఆవిడండీ. బాలింత," అన్నాడు.

"అట్లా చెప్పు." పెద్దాయన ముఖం తేటపడింది. బీరువా చుట్టూ ఒక చుట్టు తిరిగి, కీలు దగ్గర సందు చూసి, తన మెడగుడ్డ తీసి అందులో కుక్కబోయాడు.

"ఊపిరి, ఊపిరి," అంది సూయున్.

"ఈ కాలం పిల్లలకు అన్నీ కావాలి," అని గుడ్డ మళ్ళీ మెడకు చుట్టుకున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "మనుషులకు ఈ గేటు. సామానుకు వెనక గేటు."

"లోపల మనిషుంది నాయనా," అంది గ్వేజెన్.

"అయితే దించండి."

"దించితే గాలి తగులుతుంది."

"దించకపోతే అది సామానే."

గ్వేజెన్ కొడుకును వెనక గేటుకు పంపి, తను నర్సును పట్టుకోవడానికి మేడ మీదికి పరుగెత్తింది. వెనక గేటు దగ్గర దాయోంగ్ బండి ఆపి, బీరువా దించడానికి సాయం పిలవబోయి వచ్చేలోపు, ఇద్దరు కూలీలు బీరువాను దించి తోపుడుబండి మీద తోసుకుపోయారు.

"ఏందిరా ఇంత బరువు?"

"పాత కాగితాలై ఉంటాయి."

"నేను మనిషిని," అంది సూయున్.

"ఏమన్నా అన్నావా?"

"నేనేం అన్లా. నువ్వన్నావనుకున్నా."

ఆ తర్వాత ఇద్దరూ నడవలేదు, పరుగెత్తారు. బీరువాను సామాన్ల గదిలో వదిలేసి వెనక్కి చూడకుండా పోయారు. కాసేపటికి సూయున్ చెవి పక్కనే చెక్క మీద ఏదో తడిగా రాసుకుంటున్న చప్పుడు.

"ఎవరండీ అది?"

"స్టోరు గుమాస్తాను. నంబరు వేస్తున్నా."

"తలుపు తియ్యండి బాబూ. పైన నా బిడ్డ ఉంది."

"తాళ్ళు మేం కట్టలేదు. కట్టినవాళ్ళే విప్పాలి."

"టైమెంత?"

"మూడు కావస్తోంది. కదలకమ్మా, అంకె వంకర పోతుంది."

సూయున్ వీపు వెనక పలకకు ఆనించి, పొట్ట మీది కుట్లను ఒక చేత్తో అదిమిపట్టి, రెండు కాళ్ళూ తలుపుకు తన్నిపెట్టింది. ఇన్నాళ్ళ గుడ్లూ కోళ్ళూ అప్పుడు పనికొచ్చాయి. మేకులు ఒక్కటొక్కటే కీచుమంటూ కదిలి, కీళ్ళ వైపు నుంచి తలుపు ఊడి పక్కకు ఒరిగింది. ఆ సందులోంచి ఆమె బయటికొచ్చింది. జిడ్డు జుట్టు, అల్లం వాసన, కాళ్ళకు చెప్పుల్లేవు.

"తలుపు విరిగింది," అని గుమాస్తా తనలో తాను అనుకుంటూ దానికి వేరే నంబరు వేయడం మొదలుపెట్టాడు.

మెట్ల దగ్గర కిటికీ బార్లా తెరిచి ఉంది. వసంతకాలపు గాలి ఆమె మెడలోకి, చంకల్లోకి, కాలివేళ్ళ మధ్యకు దూరింది. ఆమె ఆగలేదు. వార్డు తలుపు ముందు గ్వేజెన్ అడ్డంగా నిలబడి నర్సుతో వాదిస్తోంది.

"వస్తోందమ్మా, బీరువాలో వస్తోంది."

"తలుపు మూసెయ్యాలి పెద్దమ్మా. బీరువాలో ఎవరూ రారు."

"వచ్చాను," అంది సూయున్.

గ్వేజెన్ కోడల్ని పైనుంచి కింది దాకా చూసింది. నర్సు థాన్ పంపు చూపించింది. "మోచేతుల దాకా కడుక్కో. వేడినీళ్ళు లేవు."

సూయున్ అత్త వైపు చూసింది. గ్వేజెన్ నోరు తెరిచింది, గోడ గడియారం చూసింది, నోరు మూసుకుంది. గిరుక్కున తిరిగి గోడకు ముఖం పెట్టి నిలబడింది.

"నేనేం చూడట్లేదు," అంది గోడతో. "తొందరగా కానియ్యి."

లోపల కుర్చీలో కూర్చోబెట్టి, గుండీలు విప్పి, పిల్లను తెచ్చి ఆమె గుండెల మీద పెట్టారు. అప్పుడే ఉడికి దించిన చిలగడదుంపలా వెచ్చగా ఉంది. బరువు మాత్రం దానికంటే తక్కువే. పిల్ల ముక్కు ఎగబీల్చింది. జిడ్డు, అల్లం, సారా, చెమట. తుమ్మింది. తర్వాత గోరంత చేత్తో తల్లి చర్మాన్ని పట్టుకుని, ఈవిణ్ణి నేనెక్కడో ఎరుగుదును అన్నట్టు కదలకుండా ఉండిపోయింది. దాని గుండె తన గుండె మీద టకటకా కొట్టుకుంటుంటే, ఇంతకాలం తన కడుపులో కొట్టుకున్నది ఇదేనని సూయున్‌కు అప్పుడు నమ్మకం కుదిరింది.

"రోజూ రావాలి," అంది నర్సు, యంత్రం వైపు చూస్తూ. "ఊపిరి చూడు, ఎంత నెమ్మదించిందో."

గంట తర్వాత కిందికి దిగితే, దాయోంగ్ మెట్ల మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"స్టోరు గుమాస్తా బీరువా ఇవ్వనంటున్నాడమ్మా. నంబరు పడ్డాక అది ఆసుపత్రి ఆస్తంట. పెద్ద డాక్టరు సంతకం కావాలంట. ఆయన ఊళ్ళో లేడు."

గ్వేజెన్ ఆకాశం వైపు చూసింది. చెట్ల కొమ్మలు ఊగుతున్నాయి. కోడలి వైపు తిరిగింది.

"గాలి తగిలిందా?"

"తగిలింది."

"ఎక్కడ?"

"అంతటా."

"ఎట్లా ఉంది?"

"చల్లగా ఉంది, అత్తయ్యా."

గ్వేజెన్ వంగి తన మోకాళ్ళు రుద్దుకుంది. "నన్ను ఆ కోతల్లో ఎవరూ అడగలేదు, ఎట్లా ఉందని," అంది. తన చెప్పులు విడిచి కోడలి ముందుకు తోసింది. "ఎక్కు."

బండిలో గాలి వచ్చే వైపు తను కూర్చుంది. రెక్కలు విప్పిన కోడిపెట్టలా కోటు రెండు వైపులా చాపి పట్టుకుంది.

"మెల్లగా పోనియ్యిరా. మనం పరుగెత్తితే గాలీ పరుగెత్తుతుంది."

దాయోంగ్ మెల్లగా పోనిచ్చాడు. సైకిళ్ళు దాటిపోయాయి. కావడి మోసుకుపోయే ముసలాయన దాటిపోయాడు. ఒక బాతుల మంద, వెనకాల దాని కాపరీ దాటిపోయారు.

"ఇట్లా అయితే రేపు మూడింటికి అందుకోవాలంటే..." అన్నాడు దాయోంగ్.

"కోడి కూసేసరికి బయల్దేరదాం," అంది గ్వేజెన్.